నీళ్ళు తాగిన రాయి

"ఈ పంచె మీద మరక ఎప్పటిది?"

చాకలి వీరాయమ్మ పంచెను ముట్టుకోకుండానే జవాబు చెప్పింది. "చవితి మర్నాటిదండి."

"ఏ చవితి?"

"వినాయక చవితండి బాబయ్యా. ఆ రోజు బంగారరాజు గారు కొత్త పంచె కట్టుకుని ఐనవిల్లి వెళ్ళొచ్చేరు. మర్నాడు మూట విప్పితే కుచ్చిళ్ళ మీద ఎర్రగా ఉంది. తాంబూలం ఉమ్మేమో అనుకున్నానండి. వాసన చూస్తే నెత్తురు."

పోలీసు అమీను కాశీవిశ్వనాథం కాగితం తీయలేదు. వినే పని ఉన్నప్పుడు ఆయన రాయడు. కాట్రేనికోనలో ఆ పెంకుటింటి వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని, ముందున్న ఏడు పంచెల్నీ ఒక్కొక్కటే ఎండకు పట్టి చూస్తున్నాడు.

ఆ పంచెలు కట్టిన మనిషి ఇప్పుడు లేడు. పడవల ఆసామి బంగారరాజు మూడు రోజుల కిందట పోయాడు. ఎనిమిది నెలలుగా మూత్రంలో నెత్తురు పడుతోంది. ఊళ్ళు తిరిగే రాళ్ళ వైద్యుడొకడు వచ్చి, మూత్రపు తిత్తిలో రాయి ఉందని చెప్పి, బల్ల మీద పడుకోబెట్టి కోశాడు. కోసిన చోటు నుంచి రాయి తీసి నలుగురికీ చూపించాడు. నాలుగో నాటికి రోగి పోయాడు. అయినా వైద్యుడి మీద ఎవరికీ అనుమానం కలగలేదు. రాయిని కళ్ళారా చూశారు కదా.

నేరం వెళ్ళి చనిపోయిన వాడి చెల్లెలి మీద పడింది. గంగాదేవి విధవరాలు, అన్నకు వండిపెడుతోంది. ఆమె మొగుడు ఆశ్వయుజంలో వచ్చిన గాలివానలో మునిగిపోయాడు, అదీ అన్నగారి పడవ మీద. ఆ కక్షతో అన్నంలో గాజుపిండి కలిపి పెట్టిందనీ, లోపల తెగి నెత్తురు పడిందనీ, రాయి తీసినా బతకనిది అందుకేననీ రిపోర్టు తయారైంది. రాసింది పేష్కారు కామేశ్వరరావు. తాసీల్దారు శిస్తు లెక్కల జమాబందీకి వెళ్ళడంతో తాలూకా అంతా ఆయన చేతిలోనే ఉంది.

గంగాదేవి కాలవ రేవులో కట్టేసిన పడవలో ఉంది. ఆమె చేతులకు తాళ్ళు. రెండు జాములు కాగానే పడవ రాజమండ్రికి బయల్దేరుతుంది. అక్కడి కోర్టులో గాజుపిండి కేసంటే ఉరే. శవాన్ని కాల్చేశారు. ఆమె తరఫున చెప్పడానికి ఈ గుడ్డలు తప్ప మరేమీ మిగల్లేదు.

"గంగాదేవి ఈ ఇంటికి ఎప్పుడొచ్చింది?" అమీను అడిగాడు.

"మొగుడు పోయేకండి. దినాలవగానే అన్నగారే వెళ్ళి తీసుకొచ్చేరు."

"అంటే చవితి దాటిన ఎన్నాళ్ళకి?"

వీరాయమ్మ వేళ్ళు ముడిచి లెక్క పెట్టింది. "రెండు నెలలు తక్కువుండవండి."

"అప్పటికే మరకలున్నాయి."

"ఆయ్. అప్పటికి నేను మూడుసార్లు చౌడులో నానేసేనండి."

"ఈ మాట పేష్కారు గారికి చెప్పేవా?"

ఆమె మొహం తిప్పుకుంది. "చెప్పబోయేనండి. మైల గుడ్డల సంగతులు కచేరీ మనుషుల ముందు మాట్లాడతావా, సిగ్గు లేదా అని కసిరేరు. సిగ్గేవిటండీ? ఊళ్ళో ఎవరి ఒంట్లో ఏముందో నాకు తెలిసినట్టు వాళ్ళ పెళ్ళాలకి కూడా తెలవదు."

అమీను నవ్వలేదు గాని కళ్ళలో ఏదో మెదిలింది. "మరకలు రోజూ ఉండేవా?"

"లేదండి, అదే చిత్రం. పది రోజులు ఎర్రగా ఉండేది. తరవాత నెల్లాళ్ళు మల్లెపువ్వులా తెల్లగా ఉండేది. వేడి చేసిందన్నారండి. రోజుకి నాలుగు బొండాలు తాగించేరు. తగ్గిపోయింది. కొబ్బరినీళ్ళే పనిచేసేయన్నారు. మళ్ళీ పడింది. అప్పుడెవరో పొడి ఇచ్చేరు. తగ్గింది. పొడి పనిచేసిందన్నారు. మళ్ళీ పడింది."

"నొప్పి?"

"మొదట్లో లేదండి. నొప్పి లేదు కదా, వేడే అనుకున్నారు."

అమీను నాలుగో పంచెను ఎత్తాడు. కింద మరక కాక, దానికి జానెడు పైన, మొలతాడు కట్టేచోట ఇంకో మచ్చ ఉంది. అది ఎర్రది కాదు. వేలితో నొక్కితే బిరుసుగా తగిలింది.

"గంజి సరిగ్గా జాడించలేదా వీరాయమ్మా?"

"అయ్యో, నేను గంజి పెట్టనే లేదండి!" ఆమెకు రోషం వచ్చింది. ముప్పై ఏళ్ళ చేతిపనిని అన్నట్టు తోచింది. "ఆ గంజి ఆయన ఒంట్లోదండి. బొడ్డు కాడ చెమ్మ ఊరేది. ఎండితే ఇలా బిగుసుకునేది. కింద మరకలోనూ అంతేనండి, నెత్తురుతో పాటు బంక. మూడు ఉడుకులు పెట్టినా పూర్తిగా వదిలేది కాదు."

వసారా మెట్ల మీద కూర్చున్న ముసలాయన ఆ మాటకు తల ఎత్తాడు. ఆయన డ్రస్సరు మాణిక్యం. రాజమండ్రి ఆస్పత్రిలో చాలా ఏళ్ళు దొర డాక్టరు పక్కన నిలబడి కోతలకు కావలసినవి అందించినవాడు. ఇప్పుడు అమలాపురంలో దెబ్బలకు కట్లు కట్టుకుంటున్నాడు. అమీనే ఆయన్ను వెంట తీసుకొచ్చాడు.

"అమీను గారూ, సరిగ్గా ఈ మాటే దొర అడిగేడండి," అన్నాడు మాణిక్యం. "బొడ్డు తడుస్తోందా అని. పుష్యమాసంలో బంగారరాజు గారిని రాజమండ్రి తీసుకెళ్ళింది నేనే."

"వివరంగా చెప్పండి."

"దొర ముందు సలాక వేసి చూసేడు. సన్న ఇనప సలాకండి, తిత్తిలోకి వెళ్తుంది. రాయుంటే దానికి తగిలి టిక్కుమంటుంది. చేతికీ తెలుస్తుంది, చెవికీ వినపడుతుంది. మూడుసార్లు వేసేడు. చప్పుడు లేదు. తరవాత ఆ బంకని గాజు పలక మీద రాసి, తన భూతద్దాల ఇత్తడి గొట్టం కింద పెట్టి చాలాసేపు చూసేడు."

"ఏమన్నాడు?"

"కడుపులో ఉన్న బిడ్డకి బొడ్డు నుంచి తిత్తి దాకా సన్న గొట్టం ఉంటుందటండి. పుట్టేక అది మూసుకుపోయి తాడులా మిగుల్తుంది. మనందరికీ ఉంటుంది. దానివల్ల ఏమీ కాదు. ఎక్కడో ఒకరికి, పెద్దవయసులో, ఆ తాడు కొసన తిత్తి నెత్తి మీద కంతి పుడుతుంది. రాచపుండు. ఆ జాతి కంతి బంక కారుస్తుంది. ఇరవై ఏళ్ళలో ఇది రెండోది అన్నాడు దొర."

"మందు?"

"లేదన్నాడండి. కత్తి పెట్టొద్దన్నాడు. పెడితే ఆ వారమే పోతాడు, పెట్టకపోతే ఏడాదైనా ఉంటాడు అన్నాడు. నొప్పి మొదలయ్యేక పట్టమని నల్లమందు కలిపిన ద్రావకం ఇచ్చేడు. ఆకుపచ్చ సీసా. నా చేత్తో నేనే ఈ ఇంటికి తెచ్చిచ్చేను."

అమీను లేచాడు. "కోసిన గది చూద్దాం."

పడమటి గదిలో బల్ల అలాగే ఉంది. దాని నాలుగు కాళ్ళకూ తాళ్ళ ఒరుపులున్నాయి. కింద పోసిన ఇసుక నల్లగా గడ్డకట్టింది. అమీను బల్ల వైపు ఎక్కువసేపు చూడలేదు. ఆయన చూపు గోడవారనున్న చిన్న రోలు మీద పడింది. పేష్కారు జప్తు చేసి, చీటీ అంటించి, కదపకుండా అక్కడే ఉంచమన్న రోలు అది. అందులో గాజుపిండి దొరకబట్టే గంగాదేవి చేతులకు తాళ్ళు పడ్డాయి.

"వంటింటి రోలు ఈ గదిలోకి ఎలా వచ్చింది?"

గుమ్మం బయటి నుంచే వీరాయమ్మ చెప్పింది. "వైద్యుడు గారే అడిగి తీసుకున్నారండి. కోతకి ముందు రోజు పొద్దువాలే వేళ. మందు నూరుకోవాలమ్మా అన్నారు. గంగమ్మ కడిగి ఇచ్చింది. నేను ఉతికిన బట్టలు ఇచ్చి వెళ్తుంటే గరగరమని నూరుతున్నారు. ఇదేం మందురా బాబూ అనుకున్నాను."

అమీను రోలు అడుగున వేలు పెట్టి తుడిచాడు. వేలికి మిలమిల మెరిసే పిండి, దానితో కలిసి ఎర్రటి దుమ్ము అంటుకున్నాయి. రిపోర్టులో పేష్కారు ఆ ఎరుపును నెత్తుటి చారలని రాశాడు. అమీను ఇత్తడి గిన్నెలో నీళ్ళు తెప్పించి చిటికెడు పిండి వేశాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి. కాసేపు ఆగాడు. ఎరుపు మెల్లగా అడుగుకు దిగి, వరద తీసిన లంకలో ఒండ్రులా పరుచుకుంది. దాని కింద మెరుస్తూ గాజు.

"నెత్తురైతే ఇలా అడుగుకు దిగదు," అన్నాడు. "ఇది మట్టి. కాల్చిన మట్టి. మాణిక్యం గారూ, గాజు రంగు చూడండి."

ముసలాయన గిన్నె మీదికి వంగాడు.

"ఆకుపచ్చండి," అన్నాడు. "ఆ సీసాయే. అందులో మందు... అందులో మందు ఏం చేసేడండీ వెధవ?"

అమీనుకు గొంతు పెంచే అలవాటు లేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సీసా పగలగొట్టాలంటే ముందు అందులోది పారబోయాలి. బంగారరాజు చివరి నాలుగు రోజులూ కేకలు పెట్టాడని ఊరంతా చెప్పింది. ఆ కేకలు ఆపగలిగిన ఒకే ఒక్క వస్తువు ఈ గది కిటికీ లోంచి పెరట్లో పడింది.

"ఏమిటండీ అమీను గారూ! చాకలి మూటలు విప్పేక ఇప్పుడు రోళ్ళు కడుగుతున్నారా?"

గుమ్మంలో పేష్కారు కామేశ్వరరావు నిలబడి ఉన్నాడు. జరీ అంచు తలపాగా, చేతిలో రిపోర్టు కట్ట. "రెండు జాములు కావస్తోంది. ముద్దాయిని అప్పగించినట్టు మీరు దస్కతు పెడితే పడవ వదుల్తాను."

"దస్కతు పెట్టనండి."

"పెట్టకపోతే మీ మీద కూడా రాయాల్సొస్తుంది."

"రాయండి. ముందు నాకొక సంగతి చెప్పండి. ముద్దాయి ఈ ఇంట్లో అడుగు పెట్టడానికి రెండు నెలల ముందే అన్నగారి పంచెకి నెత్తురంటింది. తన మొగుడు బతికుండగానే, ఊళ్ళో లేకుండానే, ఈ మనిషి అన్నంలో గాజు ఎలా కలిపింది?"

"ఎవరు చెప్పేరు?"

"పంచె చెప్పింది."

"చాకలిదాని సాక్ష్యం!" పేష్కారు రిపోర్టు కట్టతో తొడ మీద కొట్టుకున్నాడు. "రాజమండ్రి జడ్జీ ముందు ఉచ్చగుడ్డ పరుస్తారా? కచేరీ పరువు తీస్తారా?"

"ఆడమనిషి మెడకి ఉరి పడుతుంటే పరువు మాటెందుకండీ! దొర డాక్టరు చీటీ రాసిచ్చేడు. మాణిక్యం గారు దాన్ని మొన్ననే మీ చేతికిచ్చేరు. అదెక్కడ?"

"ఉంది. చదివేను. మందు లేదని రాసేడు. మందు లేదనేవాడు వైద్యుడెలా అవుతాడు? ఈయన రాయి ఉందన్నాడు, తీసేడు, చూపించేడు. ఇరవై మంది చూసేరు. ఇదిగో." పేష్కారు నడుము నుంచి వెండి భరిణె తీశాడు. అందులో పట్టుగుడ్డ మీద జాజికాయంత రాయి ఉంది, నున్నగా, ముదురు పసుపుగా, అక్కడక్కడ ఎండిన నెత్తురుతో. "చూసుకోండి. దీన్ని కాదంటారా?"

అమీను దాన్ని అరచేతిలో వేసుకున్నాడు. మునివేళ్ళతో తిప్పాడు. ఈ సీమలో రాయి అనేది ఎక్కడా పుట్టదు. తవ్వితే మట్టి, ఇంకా తవ్వితే ఇసుక. తిరగలి రాయి దగ్గర్నుంచి గడపరాయి దాకా అన్నీ పడవ మీద రావలసిందే. అందుకే ఇక్కడివాళ్ళకు రాయంటే ఒక నమ్మకం. మనిషి ఒంట్లోంచి రాయి వచ్చిందంటే నోరు తెరిచి చూస్తారు గాని, అదెలాంటి రాయో అడగరు.

"ఇది ఆయన తిత్తిలో ఎన్నాళ్ళుంది?"

"ఏడాదని చెప్పేడు వైద్యుడు."

"ఏడాది పొడుగునా ఉచ్చలో నానింది."

"అంతేగా మరి."

అమీను చెంబులో నీళ్ళు పోయించి రాయిని అందులో వదిలాడు. పేష్కారు వంగాడు. మాణిక్యం వంగాడు. గుమ్మం దాటి రాని వీరాయమ్మ మెడ సాచింది.

రాయి అడుగుకు వెళ్ళింది. వెంటనే దాని ఒంటి నుంచి ఆవగింజల్లాంటి బుడగలు లేచాయి. ఒకటి, రెండు, తరవాత వరసకట్టి. సన్నగా చుయ్‌మన్న చప్పుడు. పసుపు నీళ్ళలో కరిగిపోతోంటే కింద ఎరుపు తేలింది. తొలి చినుకులు పడ్డప్పటి వాసన చెంబులోంచి పైకి వచ్చింది.

"ఏడాది నానిన రాయికి ఇప్పుడింత దాహమేమిటండీ పేష్కారు గారూ?"

పేష్కారు ఖాళీ భరిణెకు మూత పెట్టాడు.

అమీను రాయిని తీసి, గోనెలు కుట్టే దబ్బనం అడిగి తెప్పించాడు. రాయికి రెండు కొసలా చిన్న నల్లమచ్చలున్నాయి. ఒక మచ్చ మీద దబ్బనం మొన ఆనించి నొక్కాడు. లక్క ముక్కలై రాలింది. దబ్బనం అవతలి కొసన బయటికొచ్చింది.

"వీరాయమ్మా, ఇదేమిటి?"

"వలకి కట్టే మట్టిగుండండి!" అంది వీరాయమ్మ, ఏమిటీ ప్రశ్న అన్నట్టు. మరుక్షణం చేత్తో నోరు మూసుకుంది. "అయ్యయ్యో. ఈ పెరట్లో ఏ వలని దులిపినా పది రాల్తాయి కదండీ."

"రాత్రికి రాత్రే సీసా గాజుతో అరగదీసేడు," అన్నాడు అమీను. "గాజు నూరింది దీన్ని నునుపు చెయ్యడానికి. కంత లక్కతో పూడ్చి, పసుపు పట్టించి, వేళ్ళ సందున దాచుకున్నాడు. మనిషిని కోసేడు, నెత్తుట్లో ముంచేడు, పైకెత్తి చూపించేడు. లోపలేముందో తెలియక కొయ్యలేదండీ వాడు. రాయి లేదని ముందే తెలుసు. తెలిసే ముందురోజు రాయి తయారుచేసుకున్నాడు! చీటీలో కత్తి పెట్టొద్దని ఉంది. మీరది చదివేరు. చదివి, మడత పెట్టి, అన్నకి రెండు పూటలా అన్నం పెట్టిన మనిషి చేతులు కట్టించేరు. వాడికేం చేసేరు? వాడెక్కడ?"

పేష్కారు మొహంలో రంగు మారింది. ఆయన చూపు దబ్బనం గుచ్చుకుని ఉన్న ఆ మట్టిగుండును వదలడం లేదు.

"మిమ్మల్నే. వాడెక్కడ?"

"పంపించేను," అన్నాడు పేష్కారు. మాట సగమే వినపడింది. "నిన్న పొద్దున్న. నా సొంత పడవిచ్చి."

"ఎక్కడికి?"

"అమలాపురం. మా ఇంటికి. మా అన్నయ్యగారికి... మూడు నెలలుగా నెత్తురు పడుతోందండి. వైద్యుడిచ్చిన పొడితో తగ్గింది. పూర్తిగా తగ్గిపోయింది. తగ్గినప్పుడే రాయి తియ్యాలన్నాడు."

"పొడితో తగ్గలేదండి," అన్నాడు మాణిక్యం నెమ్మదిగా. "ఇలా పడే నెత్తురు తనంతట తనే ఆగుతుంది. మళ్ళీ తనే వస్తుంది. మీ అన్నగారికి సలాక వేసి చూసేరా ఎవరైనా?"

పేష్కారు అడ్డంగా తల ఊపాడు.

"కోత ఎప్పుడు?" అమీను అడిగాడు.

"ఈ రోజే. మూడు జాములకి. ముహూర్తం నేనే పెట్టించేను." పేష్కారు చేతిలోంచి రిపోర్టు కట్ట జారి ఇసుకలో పడింది. దాన్ని తీయడానికి వంగకుండానే వీధిలోకి పరుగెత్తాడు.

కాలవ రేవులో ఒక్కటే పడవ ఉంది. గంగాదేవిని రాజమండ్రి తీసుకెళ్ళాల్సిన పడవ. పేష్కారు మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి పడవ అంచు పట్టుకున్నాడు. "వదలండిరా! అమలాపురం! తాడు లాగేవాళ్ళని ఎనిమిది మందిని పిలవండి!"

అమీను పడవ తాడు మీద కాలు వేసి నిలబడ్డాడు.

"కాగితం."

"అమీను గారూ, జాము కూడా లేదండీ!"

"తెలుసు. అందుకే తొందరగా రాయండి. గాజుపిండి వైద్యుడిది, ముద్దాయి మీద నేరం లేదు, విడిచిపెట్టేం. మూడు ముక్కలు. మీ చేత్తో."

"వెళ్తూ రాస్తాను!"

"అన్నగారు దక్కితే సంతోషంలో మర్చిపోతారు. దక్కకపోతే దుఃఖంలో మర్చిపోతారు. ఈవిడ చేతులు కట్టించడానికి మీకు ఎన్ని గడియలు పట్టింది? విప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. రాయండి."

పేష్కారు పడవ చెక్క మీద కాగితం పరిచి రాశాడు. తడి చేతికి సిరా రెండుసార్లు అలుక్కుంది. అమీను చదివి, మడిచి, లోపల పెట్టుకుని, తనే వంగి గంగాదేవి మణికట్లకున్న ముడులు విప్పాడు.

"నువ్వు ఇంటికెళ్ళమ్మా."

గంగాదేవి లేవలేదు. మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడని మనిషి. ఒరుసుకుపోయిన మణికట్లు రుద్దుకుంటూ పేష్కారు వైపు చూసింది.

"అయ్యగారూ, మీ అన్నగారిని పట్టుకోడానికి ఎవర్ని పెట్టేరండీ?"

పేష్కారు తెల్లబోయాడు. "ఏమిటి?"

"కోసేటప్పుడు నలుగురు పట్టుకోవాలంటాడండి వాడు. పరాయివాళ్ళు పనికిరారు, రోగి బెదురుతాడు, అయినవాళ్ళే పట్టుకోవాలంటాడు. మా అన్నయ్యకి కుడికాలు నేను పట్టుకున్నాను." ఆమె తన అరచేతుల కేసి చూసుకుంది. "వదిలెయ్యవే గంగా, వదిలెయ్యవే అని అరిచేడండి. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. మేలు జరుగుతోందనుకున్నాను. వాడు రాయెత్తి చూపించేక, ఆ నెత్తుటి చేతులకే దణ్ణం పెట్టేను."

తాడు లాగేవాళ్ళు గట్టు మీద వరసగా నిలబడి ఎదురుచూస్తున్నారు.

"మా ఇంట్లో..." పేష్కారు పడవ అంచును రెండు చేతులా పట్టుకున్నాడు. "మా వదినగారు, మా పెద్దబ్బాయి..."

పడవల మధ్య పెరిగిన గంగాదేవి లేచి పడవ వెనక్కి నడిచింది. సరంగును భుజం పట్టి పక్కకు జరిపి, చుక్కాని తన చేతిలోకి తీసుకుంది.

"సముద్రం గాలి తిరిగింది, తెరచాప ఎత్తండి. తాడుతో లాగితే అందుకోలేం," అంది. "అమీను గారూ, కాలు తియ్యండి."